ఆయన తాగుతారు, నేను ముట్టను: పోర్చుగల్ వైన్ టూర్లలో ఏది బుక్ చెయ్యాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే దేశం గురించి. ఏమైందో గానీ వైజాగ్ మొత్తం ఒక్కసారిగా పోర్చుగల్ వైపు తిరిగినట్టుంది. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు ఇంకా పెద్దదైపోయింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఎంవీపీ కాలనీ. మావారు స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని, మొన్న మార్చితో నా సర్వీసూ అయిపోయింది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో మేం తిరిగింది తిరుపతి, కాశీ, ఒకసారి సింగపూర్, అంతే. ఇప్పుడు మావారికి పోర్చుగల్ వెళ్ళి వైన్ టూర్ చెయ్యాలని కోరిక పుట్టింది. వారానికో గ్లాసు వైన్ తాగుతారు, డాక్టరే తాగమన్నాడంటారు, నేను నమ్మను. నేనైతే ముట్టను, నాకు వాస్కోడగామా సమాధి, పాత చర్చిలు, ఆ నీలం టైల్స్ చూడాలనుంది. తిరిగి తిరిగి రెండు స్మాల్ గ్రూప్ టూర్ల దగ్గర ఆగాం. మొదటిది 8 రోజులు, 8 మందికి మించరట, పోర్టోలో 2 రాత్రులు, డౌరో లోయలో ఒకే చోట 4 రాత్రులు, లిస్బన్‌లో 1, మొత్తం 4 వైనరీలు. రెండోది 10 రోజులు, 16 మంది, లిస్బన్, ఎవోరా, కోయింబ్రా, పోర్టో, డౌరో, ఇంకా ఉత్తరాన విన్యో వెర్ద్ అనే వైన్ ప్రాంతం, 6 హోటళ్ళు, 9 వైనరీలు. మొదటిది మనిషికి 40 వేలు ఎక్కువ, పైగా రెండు రోజులు తక్కువ. "అంత దూరం వెళ్ళి నాలుగు వైనరీలేనా" అని మావారు రెండోదానికే పట్టు పట్టారు. నాకు మోకాళ్ళ నొప్పులు. మా అబ్బాయి లండన్‌లో ఉన్నాడు, వచ్చేటప్పుడు వాడి దగ్గరా రెండ్రోజులు ఉండాలి. సెప్టెంబర్‌లో వెళ్ళాలా డిసెంబర్‌లోనా అన్నది కూడా చెప్పండి.

జవాబు: ముందే చెప్పేస్తానండి, మొదటిది తీసుకోండి. సార్‌కి కోపం వస్తే ఈ పేజీ చూపించండి, నామీద పడనివ్వండి.

కొన్నేళ్ళ కిందట నేనూ ఇలాగే స్మాల్ గ్రూప్ అన్న మాట చూసీసి డబ్బులు కట్టేశా. కంపెనీ పేరు రాయను గానీ బ్రోషర్‌లో 12 మంది అని ఉంది, అక్కడ దిగేసరికి 26 మంది ఉన్న బస్సు. అదేంటంటే రెండు బ్యాచులు నిండలేదు, కలిపేశాం అన్నారు. మొదటి రోజే మూడు సెల్లార్లు, అంటే వైన్ దాచే గిడ్డంగులు, ప్రతిచోటా ఒకటే వరస, ఇదిగో పీపా, ఇదిగో సీసా, ఇదిగో షాపు. మూడోదాంట్లో వెనక నిలబడ్డవాళ్ళకి గైడ్ మైకు గరగర తప్ప ఏం వినపడలేదు, చేతిలో గ్లాసు పట్టుకుని మా పక్కాయన "ఇది తెల్లదా ఎర్రదా, ఇందాక తాగిందేనా" అని నన్నడిగాడు, నిజం చెప్పాలంటే నాకూ తెలీలేదు. రాత్రి హోటల్‌కొచ్చి పెట్టె తెరిచే ఓపిక లేదు, తెరిచినా పొద్దున్న ఏడింటికి మళ్ళీ మూసీడమే. ఆ ట్రిప్‌లో నాకు బాగా గుర్తున్న పూట ఏదంటే బస్సు చెడిపోయిన పూట. డౌరోలో ఒక ఊరి దగ్గర మూడు గంటలు ఆగిపోయాం, పక్కనున్న తోట పెద్దావిడ లోపలికి పిలిచి కుర్చీలేసి ఆలివ్ కాయలు, రొట్టె పెట్టింది. ప్రోగ్రామ్‌లో లేనిది అదొక్కటే.

అందుకని ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది వైనరీలు లెక్కపెట్టకండి, రాత్రులు లెక్కపెట్టండి అని. ఒకే మంచం మీద వరసగా ఎన్ని రాత్రులు పడుకుంటున్నారు? మీ రెండో టూర్‌లో 9 రాత్రులకి 6 హోటళ్ళు, అంటే మీ మోకాళ్ళతో ఆరుసార్లు పెట్టె సర్దడం, ఆరుసార్లు రిసెప్షన్ దగ్గర తాళంచెవి కోసం నిలబడటం. మొదటిదాంట్లో మూడే. ఆ 40 వేల తేడా ఎక్కడికి పోయిందని సార్ అడిగితే ఇక్కడికే పోయింది.

ఇక 8, 16 అనే నంబర్లు ఊరికే పెట్టినవి కాదు. యూరప్‌లో మామూలు కారు లైసెన్స్‌తో డ్రైవర్ కాకుండా 8 మందిని ఎక్కించుకోవచ్చు, అందుకే చాలా చిన్న టూర్లు ఎనిమిది దగ్గర ఆగుతాయి, అదొక వ్యాన్ అన్నమాట. ఎనిమిది దాటిందంటే మినీబస్సు, దానికి వేరే లైసెన్స్ ఉన్న డ్రైవర్, తోటల మధ్య సందు రోడ్లలోకి అది దూరలేదు. డౌరో లోయలో రెగువా అనే ఊరి నుంచి పిన్యావు అనే ఊరికి నది వెంటే వెళ్ళే రోడ్డు బాగానే ఉంటుంది గానీ అది దాటి కొండెక్కితే మన అనంతగిరి ఘాట్ గుర్తొస్తుంది, అక్కడ వ్యాన్‌ది ఒక లెక్క, బస్సుది ఒక లెక్క. పైగా 16 మంది వస్తే తోట యజమాని ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టలేడు, టూరిస్టుల కోసం కట్టిన హాల్లోకి పంపిస్తాడు. ఎనిమిదిమందైతే ఆయనే సీసా తీసుకొచ్చి వంచుతాడు, వాళ్ళ తాత కథ మొదలెడతాడు. ఒక్కటి మాత్రం అడిగి తీరాలి, కనీసం ఎంతమంది ఉంటే టూర్ నడుస్తుంది, ఆ సంఖ్య రాకపోతే ఏం చేస్తారు, వేరే బ్యాచ్‌తో కలుపుతారా, డబ్బు వెనక్కి ఇస్తారా. జవాబు ఫోన్లో వద్దు, మెయిల్‌లో తీసుకోండి. నేను అడగలేదు.

సార్ కోసం ఒక మాట. నాలుగు వైనరీలేనా అంటున్నారు కదా, ఒక్కో చోట ఐదారు రకాలు రుచి చూపిస్తారు, అందులో పోర్ట్ వైన్ మామూలు వైన్ కాదు, ఆల్కహాల్ 19 నుంచి 22 శాతం ఉంటుంది. ద్రాక్షరసం పులుస్తుండగా రెండు మూడు రోజులకే అందులో 77 శాతం ఉండే ద్రాక్ష సారాయి పోసేస్తారు, దాంతో పులియడం ఆగిపోయి తీపి తీపిగానే ఉండిపోతుంది, ఘాటు ఘాటుగా ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని తాగేస్తే మధ్యాహ్నం మూడింటికే మంచం వెతుక్కోవాలి. తెలిసినవాళ్ళు నోట్లో పోసుకుని రుచి చూసి ఉమ్మేస్తారు, దానికో పాత్ర అక్కడే పెట్టి ఉంటుంది, అదేం తప్పు కాదు, మర్యాద తక్కువా కాదు. వారానికో గ్లాసు తాగే మనిషికి నాలుగు వైనరీలు ఎక్కువే, తొమ్మిదంటే శిక్ష.

మీరు సోషల్ టీచర్ అంటున్నారు కాబట్టి చెప్తున్నా, ముట్టకపోయినా డౌరోలో మీకు సార్ కన్నా ఎక్కువ సరుకు దొరుకుతుంది. డౌరో అని మనం అంటాం గానీ వాళ్ళ నోట్లో అది దోరు అన్నట్టు వినిపిస్తుంది, నాకు దోరమాగిన జామకాయే గుర్తొచ్చింది. ఆ లోయని ఇక్కడి ద్రాక్షతోనే పోర్ట్ చెయ్యాలి అని 1756లోనే గిరి గీసేశారు, చేయించింది మార్క్విస్ ఆఫ్ పొంబాల్ అని అప్పటి మంత్రి, లిస్బన్‌ని కూల్చేసిన 1755 భూకంపం తర్వాత ఊరిని మళ్ళీ కట్టించినాయన ఈయనే. కొండలు మొత్తం పలకరాయి, మట్టి అన్నది దాదాపు లేదు, తరాల తరబడి మనుషులు గునపాలతో ఆ రాయి పగలగొట్టి మెట్లు మెట్లుగా గోడలు పేర్చారు. దూరం నుంచి చూస్తే కొండకి దువ్వెన పెట్టి దువ్వినట్టుంటుంది. 2001లో యునెస్కో జాబితాలో చేరింది.

అక్కడ ప్రతి తోటలోనూ ఒకావిడ పేరు వినిపిస్తుంది, దోన అంతోనియా ఫెరైరా. 1811లో పుట్టారు, 33 ఏళ్ళకే భర్త పోయాడు, తర్వాత తోటలన్నీ తనే నడిపించి, ద్రాక్షతీగల వేళ్ళు తినేసే పురుగు వచ్చి అందరూ చేతులెత్తేసిన కాలంలో కూడా నిలబడి 1896లో పోయేనాటికి ఆ లోయలో ఆవిడని మించినవాళ్ళు లేరు. 1861లో నదిలో సుడులున్న చోట పడవ బోల్తా పడితే ఆవిడతో ఉన్న ఫారెస్టర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి మునిగిపోయాడు, ఆవిడ మాత్రం గుండ్రంగా ఉబ్బిన పెద్ద గౌను వల్ల తేలి బతికిందని చెప్పుకుంటారు. ఆయన నడుముకి డబ్బుల బెల్టు ఉందని, ఆ బరువుకే మునిగాడని కూడా అంటారు. గౌను సంగతి ఎంతవరకు నిజమో గానీ గైడ్లు దాన్ని చెప్పేటప్పుడు మాత్రం చూడాలి. ఇప్పుడు ఆ సుడులు లేవు, 1970లలో కట్టిన డ్యాముల వల్ల నది చెరువులా ఉంటుంది, గంట పడవ ప్రయాణం అందరూ చేయిస్తారు, మీ మోకాళ్ళకి పని లేని పూట అదే.

ఇంకోటి, మీ పాత స్టూడెంట్స్‌కి చెప్పుకోడానికి. పోర్ట్ వైన్‌ని వాళ్ళు ఇప్పటికీ పిపా లెక్కన కొలుస్తారు, డౌరోలో ఒక పిపా అంటే 550 లీటర్లు. మన పీపా అదే. అల్మరా, మేస్త్రి, ఇస్త్రీ, అనాస, పాదిరి ఇవన్నీ ఆ ఓడల్లో దిగిన మాటలే. తాళంచెవిలో చెవి కూడా వాళ్ళ షావ్ అనే మాట నుంచే వచ్చిందంటారు. సెల్లార్‌లో వాళ్ళు పిపా అన్నప్పుడు నేను ఉలిక్కిపడి ఇది మా మాట అన్నాను, గైడ్ నవ్వి కాదు మాది అన్నాడు.

వాస్కోడగామా సంగతి. సమాధి లిస్బన్ బెలెంలో జెరోనిమోస్ మఠం చర్చిలో, లోపలికి అడుగుపెట్టగానే పక్కనే ఉంటుంది, ఎదురుగా రెండో వైపు కవి కమోయెన్స్ సమాధి. గామా చనిపోయింది మన కొచ్చిలో, 1524లో, ముందు అక్కడే పాతిపెట్టి తర్వాత ఎముకలు పోర్చుగల్ తీసుకెళ్ళారు. మీరు కొచ్చి చూడలేదంటే ఆ ఖాళీ సమాధి కూడా ఒకసారి చూసి రండి. మఠం సోమవారం మూసేస్తారు. మీ మొదటి టూర్‌లో లిస్బన్‌కి ఒక్క రాత్రే ఇచ్చారు, అది చాలదు, అదొక్కటే ఆ టూర్‌లో నాకు నచ్చనిది. అందుకని టూర్ అయ్యాక మీ సొంతంగా ఇంకో రెండు రాత్రులు లిస్బన్‌లో ఉండండి, మిగిలిన ఎవోరా మోజు ఉంటే అక్కడి నుంచి 130 కిలోమీటర్లే, పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చీయొచ్చు.

టైల్స్‌కి టికెట్ కొనక్కర్లేదు. పోర్టోలో సావు బెంతు రైల్వే స్టేషన్ హాల్లోకి నడిచి తల పైకెత్తండి, దాదాపు 20 వేల టైల్స్, యుద్ధాలు, రాజుల ఊరేగింపులు, పక్కనే జనం సూట్‌కేసులు లాక్కుంటూ లోకల్ రైలు కోసం పరిగెడుతుంటారు. పిన్యావు అనే చిన్న స్టేషన్‌లో ఇంకా బాగుంటుంది, 24 బొమ్మలు, ద్రాక్షకోతవి, లోయవి, తట్టలు మోసే ఆడవాళ్ళు, పడవలు, ఎడ్లబళ్ళు. ఒక బొమ్మలో తట్ట నెత్తిన పెట్టుకున్నామె చుట్టకుదురు చూశాక నేను అక్కడే కూలబడిపోయా, మా అమ్మమ్మ పెట్టుకునే చుట్టకుదురే. పోర్టో నుంచి పిన్యావుకి రైల్లో రెండున్నర గంటలు, వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, నది అటే. అరకు రైల్లో కిటికీ కోసం కొట్టుకున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మీ టూర్ వాళ్ళు వ్యాన్‌లోనే తీసుకెళ్తామంటే ఒక పక్క రైలు అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు. 65 దాటినవాళ్ళకి అక్కడి రైళ్ళలో సగం టికెట్, సార్ పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు.

నెల సంగతి. డిసెంబర్ వద్దు, వాన, చలి, తీగలన్నీ మోడులు, కొన్ని తోటలు సందర్శకులని తీసుకోవు. జులై, ఆగస్టు అసలే వద్దు, లోయలో 40 డిగ్రీలు మామూలు, వాళ్ళ సామెతే ఉంది, తొమ్మిది నెలలు చలికాలం మూడు నెలలు నరకం అని. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా కోత, అందరూ ఎగబడేది అప్పుడే. చూడాల్సిందే అది, కాదనను. రాతి తొట్టెలో ద్రాక్షలు పోసి మనుషులు భుజం భుజం పట్టుకుని వరసగా కవాతు చేసినట్టు తొక్కుతారు, రెండు గంటలు ఎవరూ వరస తప్పకూడదు, ఆ తర్వాత స్వేచ్ఛ అని అరుస్తారు, అకార్డియన్ మొదలవుతుంది, ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు గెంతడమే. నేను దిగా. మొదట చల్లగా, జారుడుగా, గింజలు పాదాలకి గుచ్చుకుంటూ ఉంటాయి, అడుగున మాత్రం గోరువెచ్చగా ఉంటుంది, పులియడం మొదలైందన్నమాట. మూడు రోజులు నా కాళ్ళు నేరేడుపళ్ళు తొక్కినట్టున్నాయి. మీ మోకాళ్ళకి అది కుదరదు, గట్టు మీద నుంచి చూడటానికి మాత్రం కుదురుతుంది. కోతకాలంలో రేట్లు ఎక్కువ, తోటవాళ్ళకి మీతో మాట్లాడే తీరికా ఉండదు. నన్నడిగితే మీ ఇద్దరికీ మే నెల. మన ఎండ తప్పించుకున్నట్టూ ఉంటుంది.

మోకాళ్ళ గురించి ఇంకోటి, పోర్టో ఊరు మొత్తం ఎత్తుపల్లాలు, రాళ్ళు పరిచిన వీధులు, లిస్బన్‌లో అయితే తెల్లరాళ్ళ ఫుట్‌పాత్‌లు వాన పడితే సబ్బు రాసినట్టు జారతాయి. కింటాల్లో గదులు మేడమీద ఉంటాయి, లిఫ్ట్ ఉందా అని ముందే అడగండి. కింటా అంటే క్వింటాల్ కాదండోయ్, తోట, ఇల్లు, వైన్ చేసే చోటు అన్నీ కలిపిన ఎస్టేట్.

వీసా దగ్గర జాగ్రత్త. పోర్చుగల్‌ది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే, లండన్ దానిలోకి రాదు, అబ్బాయి దగ్గరికి వేరే వీసా. షెంగెన్‌కి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ దానికి అదనం, 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, 15 రోజుల కంటే తక్కువ ఉంటే తీసుకోరు. రెండు వీసాలకి పాస్‌పోర్ట్ రెండు చోట్లా ఇవ్వాలి కాబట్టి మేలో ప్రయాణమైతే జనవరిలోనే మొదలెట్టండి. వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో తెలుసుకోకుండా టూర్ డబ్బు మొత్తం కట్టకండి. టీసీఎస్ అని ట్రావెల్స్ వాళ్ళు బిల్లులో ముందస్తు పన్ను ఒక ముక్క కలుపుతారు, అది ప్రభుత్వానికి వెళ్ళేది, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, రసీదు పారెయ్యకండి.

మరి రెండో టూర్ ఎవరికి బాగుంటుందీ అంటే, ఒంట్లో ఓపిక ఉండి, ఫోటోలు ఎక్కువ కావాలనుకునే వాళ్ళకి. దాంట్లో నాకు అసూయ పుట్టించేది ఎవోరా ఒక్కటే. అక్కడ అలెంతేజో అనే ప్రాంతంలో రోమన్ల కాలం నాటి పద్ధతిలో మనిషెత్తు మట్టి కాగుల్లో వైన్ చేస్తారు, లోపల గుగ్గిలం లాంటి జిగురు పూసి, నవంబర్ 11న సెయింట్ మార్టిన్ పండగనాడు కాగు అడుగున తూము తెరిచి మొదటి గ్లాసు పడతారు. దారి పొడుగునా బెండు చెట్లు, సీసా మూతల బెండు దాని బెరడే, ప్రపంచంలో సగం బెండు పోర్చుగల్ నుంచే వస్తుంది. తొమ్మిదేళ్ళకోసారి ఒలుస్తారు, ఒలిచిన చెట్టు ఇటుకరంగు తొడల్లా నున్నగా ఉంటుంది, మీద తెల్ల పెయింట్‌తో ఒక అంకె. 3 అని ఉంటే 2023లో ఒలిచారు, మళ్ళీ 2032 దాకా చెయ్యి వెయ్యరు.

ప్రశ్న: మేం నలుగురం ఫ్రెండ్స్, మధురవాడలో ఐటీ జాబ్స్. టూర్ ఎందుకు దండగ, పోర్టోలో కారు రెంట్‌కి తీసుకుని వైనరీలు తిరిగేద్దాం అంటున్నారు మావాళ్ళు. ఓకేనా?

జవాబు: కారు ఎవరు నడుపుతారు తమ్ముడూ? అక్కడ రక్తంలో ఆల్కహాల్ లీటరుకి 0.5 గ్రాములు దాటితే నేరం, టేస్టింగ్ అంటే ఐదారు గ్లాసులు, లోయ రోడ్లు పక్కనే అగాధం. నలుగురిలో ఒకడు మొత్తం ట్రిప్ తాగకుండా ఉంటానని ప్రమాణం చేస్తే వెళ్ళండి, ఆ ఒక్కడు రెండో రోజే మాట తప్పుతాడు. మీకు మొత్తం టూర్ అక్కర్లేదు. పోర్టోలో ఉండండి, నదికి అవతల గాయా అనే ఊళ్ళో ఉన్న పోర్ట్ సెల్లార్లు వంతెన దాటి నడిచి వెళ్ళేంత దగ్గర, దోం లూయిస్ వంతెన మీంచి నడవడమే ఒక టూర్, 1886 నాటి ఇనుప వంతెన. అన్నట్టు వైన్ పండేది లోయలో, దాచేది వంద కిలోమీటర్ల దూరంలో గాయాలో ఎందుకు అంటే సముద్రం దగ్గర చల్లగా తేమగా ఉంటుంది, పాతకాలంలో చదునైన పడవల్లో పీపాలు కిందకి దింపేవాళ్ళు, 1986 దాకా ఎగుమతి చెయ్యాల్సిన పోర్ట్ గాయా నుంచే వెళ్ళాలని రూల్ ఉండేది. డౌరోకి మాత్రం ఒక్కరోజు చిన్న గ్రూప్ టూర్ తీసుకోండి, రెండు కింటాలు, భోజనం, పడవ కలిపి ఉంటుంది, పొద్దున్న పికప్, రాత్రికి దింపేస్తారు. లేదా రైలెక్కి పిన్యావులో దిగి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న తోటకి ముందే బుక్ చేసుకోండి.

ప్రశ్న: మేము శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా తినం. సీతమ్మధార నుంచి ఆరుగురు ఆడవాళ్ళం వెళ్దామనుకుంటున్నాం, వైన్ అందరికీ ఇష్టమే (ఇంట్లో తెలీదు). తిండికి ఇబ్బంది పడతామా?

జవాబు: ఇంట్లో తెలీదన్నారు కాబట్టి పేర్లు వెయ్యలేదు అక్కా. ఇబ్బంది ఉంది, ఆకలితో మాత్రం ఉండరు. కాల్దు వెర్ద్ అని ఆకుకూర, బంగాళాదుంపల సూప్ ఉంటుంది, చూడ్డానికి మనదే, పైన సాసేజ్ ముక్క వేస్తారు, తీసేసి తెమ్మంటే తెస్తారు గానీ సూప్ మాంసం నీళ్ళతో చేశారేమో అడగాలి. మీ ఆరుగురిలో ఎవరో ఒకరు సెమ్ కార్న్, సెమ్ పైష్, సెమ్ ఓవుష్ అని నేర్చుకోండి, మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. స్వీట్లతోనే మీకు తంటా, ఆ పేరున్న కస్టర్డ్ టార్టుతో సహా దాదాపు అన్నీ గుడ్డుసొనే. పాతకాలం మఠాల్లో తెల్లసొన బట్టలకి గంజి పెట్టడానికి, వైన్ తేటపరచడానికి వాడేసేవాళ్ళు, మిగిలిన పచ్చసొనతో సన్యాసినులు స్వీట్లు చేశారు అని చెప్తారు. వైన్ తేటపరచడానికి ఇప్పటికీ కొందరు గుడ్డు తెల్లసొన వాడతారు, పట్టింపు ఉంటే వీగన్ అని రాసి ఉన్న సీసా అడగండి, పట్టింపు లేకపోతే ఈ వాక్యం చదవనట్టు ఊరుకోండి. టూర్ వాళ్ళకి శాకాహారం అంటే సరిపోదు, ఏం తినరో లిస్టు రాసి పంపండి, తోటల్లో భోజనం ముందురోజే నిర్ణయమైపోతుంది. హోటల్లో కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్స్, చీజ్ తెచ్చి పెడతారు, అది ఫ్రీ కాదు, ముట్టుకుంటే బిల్లు. వద్దంటే తీసుకెళ్ళిపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళని గ్రూపు టూర్లలో ఎందుకు ఎక్కువ డబ్బులు అడుగుతారు? నాకు 48, లాసన్స్ బే కాలనీ.

జవాబు: గది రేటు ఇద్దరికి లెక్కేసి ఉంటారు, రెండో మంచం ఖాళీగా ఉన్నా వాళ్ళకి ఖర్చే, ఆ తేడా మీ నెత్తిన వేస్తారు. కొందరు తెలియని మనిషితో గది పంచుకుంటే తగ్గిస్తామంటారు. గురక పెట్టేవాళ్ళతో ఏడు రాత్రులు నేను భరించాను, మళ్ళీ చెయ్యను. సీజన్ కాని నెలల్లో, అంటే మార్చి, నవంబర్‌లలో ఆ ఎక్స్‌ట్రా తీసేసే కంపెనీలు ఉంటాయి, బేరమాడండి. లిస్బన్‌లో రాత్రి ఫాదూ అనే వాళ్ళ విషాద గీతం వినడానికి ఒంటరిగానే వెళ్ళొచ్చు, లైట్లు తగ్గించేస్తారు, పాట మొదలైతే స్పూను చప్పుడు కూడా చెయ్యకూడదు, పక్కన మాట్లాడే మనిషి లేకపోవడమే మంచిది.

ప్రశ్న: గాజువాక నుంచి ఒక రిటైర్డ్ మనిషి. అమ్మాయి పోర్చుగల్ వెళ్తోంది. నాకు ఎన్ని సీసాలు తేవచ్చు? ఏది తెమ్మనాలి?

జవాబు: పెద్దాయనా, సూటిగా అడిగారు. డ్యూటీ కట్టకుండా మనిషికి 2 లీటర్లు. సీసా 750 మిల్లీలీటర్లు కాబట్టి రెండు సీసాలు ఒకటిన్నర లీటరు, మూడోది పెడితే 2.25, లెక్క దాటిపోయింది. అల్లుడు కూడా వెళ్తుంటే ఆయన కోటా ఆయనది. పోర్ట్ వైన్‌లో వింటేజ్ అని రాసింది తెమ్మనకండి, ఖరీదు, పైగా మూత తీశాక ఒకటి రెండు రోజుల్లో అవగొట్టాలి. టానీ అనే రకం పోర్ట్ తెమ్మనండి, 10 ఏళ్ళదో 20 ఏళ్ళదో, పీపాలోనే ముదిరి ఎండుఖర్జూరం, బాదం వాసనొస్తుంది, మూత తీసి ఫ్రిజ్‌లో పెడితే నెలదాకా రోజూ చిన్న గ్లాసు తాగొచ్చు. చేతిసంచీలో పెడితే విమానం మారే చోట సెక్యూరిటీ వాళ్ళు తీసేసుకుంటారు, చెకిన్ పెట్టెలో మధ్యలో పెట్టి మందపాటి తువ్వాలు చుట్టమనండి. ఆ తువ్వాలు కూడా వాళ్ళ మాటే, తొవాల్య అంటారు.